వెళ్లిపోయే ముందు రెండు రోజులు, కొన్ని కొండలు

(ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే విషయం మీద, అంటే శాన్‌ఫ్రాన్సిస్కో కొండల మీద నడక గురించి, ఉన్నందున ఈ విడతను పూర్తిగా దానికే కేటాయించాము.)

ప్రశ్న: ఆరేళ్లుగా శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉద్యోగం చేస్తున్నాను. వచ్చే నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేసి హైదరాబాదుకు తిరిగి వెళ్లిపోతున్నాను. నేనుండేది నగరానికి పడమటి వైపున్న సన్‌సెట్ ప్రాంతం. ఇంటి దగ్గర ఎన్-జూడా రైలెక్కితే మళ్లీ ఆఫీసు దగ్గరే దిగడం అలవాటైపోయింది. మధ్యలో ఉన్న కొండలను ఇన్నేళ్లూ సొరంగంలోంచే దాటుతూ వచ్చానని సామాను సర్దుకుంటున్నప్పుడు తట్టింది. చివరి శని, ఆదివారాలు నాతో కలిసి ఉంటున్న స్నేహితురాలితో కాలినడకన నగరం చూడాలనుకుంటున్నాను. అడిగిన ప్రతివారూ చూడవలసిన స్థలాల జాబితా ఒకటి ఇస్తున్నారు. జాబితా కాకుండా ఒక దారి చెప్పగలరా?
— ఒక పాఠకురాలు, శాన్‌ఫ్రాన్సిస్కో

జవాబు: సొరంగం మాట మీరే ఎత్తారు కాబట్టి అక్కడినుంచే మొదలుపెడదాం. మీరు రోజూ ఎక్కే రైలు 1928లో ప్రారంభమైన సన్‌సెట్ టన్నెల్ గుండా, బ్యూనా విస్టా కొండ కిందుగా, సుమారు 1.3 కిలోమీటర్లు చీకట్లో వెళుతుంది. అంతకు పదేళ్ల ముందే, 1918లో, ట్విన్ పీక్స్ అనే జంట కొండల కింద మరో సొరంగం వచ్చింది. ఇవి రాకముందు మీరుంటున్న ప్రాంతంలో ఎక్కువ భాగం ఇసుకదిబ్బలే. కొండలను దాటే కష్టం తీరిన తరువాతే అక్కడ ఇళ్లు బారులు తీరాయి. అంటే మీరు ఆరేళ్లు కాపురమున్న ఇల్లు ఆ సొరంగాల పుణ్యమే. వెళ్లేముందు ఒక్కసారి ఆ సొరంగం నెత్తిమీదుగా నడిచి ఇంటికి చేరుకోవడం కంటే తగిన వీడ్కోలు నాకు తోచడం లేదు. అయితే అది ఆదివారం సంగతి.

ముందుగా ఒక మాట. ఈ నగరం వైశాల్యం సుమారు 121 చదరపు కిలోమీటర్లు. పేరున్న కొండలు మాత్రం నలభైకి పైగానే ఉన్నాయి. మైదానంలోని ఊరిని మొత్తంగా చూడాలంటే ఏ ఎత్తైన భవనమో ఎక్కాలి. కొండల ఊరు అలా కాదు. ఒక కొండమీద నిలబడితే, దిగివచ్చిన కొండ వెనక, ఎక్కబోయే కొండ ముందు కనబడుతుంటాయి. అందుచేత స్థలాలను లెక్కపెట్టుకోవడం మానేసి, రోజుకొక కొండల వరుసను ఎంచుకోండి. శనివారం సముద్రఖాతం పక్కనున్న తూర్పు కొండలు, ఆదివారం నడిబొడ్డున ఉన్న కొండల మీదుగా పడమటికి. గోల్డెన్ గేట్ వంతెనను నేను కావాలనే వదిలేస్తున్నాను. 2.7 కిలోమీటర్ల ఆ వంతెన మీద నడిచేటప్పుడు చెవులనిండా గాలి, వాహనాల హోరు ఉంటాయి; వంతెన మీదుండగా వంతెన ఎటూ కనబడదు. ఈ రెండు రోజుల్లోనూ పొగమంచు అడ్డురాకపోతే అది మీకు దూరం నుంచి పలుమార్లు కనబడుతుంది. నా దృష్టిలో అదే దాన్ని చూసే పద్ధతి.

శనివారం ఉదయం ఫెర్రీ బిల్డింగ్ దగ్గర మొదలుపెట్టండి. 1898 నాటి ఆ భవనం గడియారస్తంభాన్ని వెనక ఉంచుకుని ఎంబార్కడేరో వెంట ఉత్తరానికి ఓ పావుగంటకు పైగా నడిచాక, ఎడమచేతి వైపు టెలిగ్రాఫ్ హిల్ నిట్టనిలువుగా కనిపిస్తుంది. ఆ తూర్పుముఖం ప్రకృతి చెక్కినది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో, ఆ తరువాత కొన్నాళ్లు కూడా, రాయి కోసం కొండను తొలిచి ఓడలకు అడుగుబరువుగానూ, తీరాన్ని పూడ్చడానికీ వాడారు. మీరు అప్పటిదాకా నడిచిన చదునైన నేల ఒకప్పటి నీళ్లు. పాత తీరరేఖ ఇప్పటి మాంట్‌గోమరీ వీధి దగ్గర ఉండేది. బంగారం వేటలో 1849 ప్రాంతంలో వచ్చి, నావికులు వదిలేసి వెళ్లిన ఓడలు కొన్ని ఇప్పటికీ ఆ వ్యాపారకేంద్రపు భవనాల పునాదుల కింద ఉన్నాయి. అంటే తొలిచిన కొండలో కొంత మీ పాదాల కిందే పరిచి ఉందన్నమాట.

శాన్సమ్ వీధి నుంచి ఫిల్బర్ట్ మెట్లు మొదలవుతాయి. కొండ మీదికి దాదాపు 400 మెట్లు. మొదటి భాగం రాతిగోడకు ఆనుకున్న సిమెంటు మెట్లు. ఊపిరి అందనిది అక్కడే. అది దాటాక తోటలు వస్తాయి, మెట్లు చెక్కవి అవుతాయి, కుడిచేతి వైపు నేపియర్ లేన్ అనే చెక్కపలకల సందు కనబడుతుంది. ఇక్కడి ఇళ్లకు వీధి అంటూ లేదు. గడప దాటితే మెట్లే. సోఫా కొన్నా బియ్యం బస్తా కొన్నా మనుషుల భుజాల మీద రావలసిందే. అదృష్టముంటే ఎర్రతల చిలుకల గుంపు అరుచుకుంటూ నెత్తిమీదుగా పోతుంది. దక్షిణ అమెరికా నుంచి పంజరాల్లో వచ్చిన పక్షులు తప్పించుకునిపోయి పెంచుకున్న సంతానమిది. 2023లో నగరం వాటిని తన అధికారిక జంతువుగా ప్రకటించింది.

పైన ఉన్న కోయిట్ టవర్ 1933లో పూర్తయింది. లిల్లీ హిచ్‌కాక్ కోయిట్ అనే ఆవిడ, అగ్నిమాపక దళమంటే ప్రాణం పెట్టిన మనిషి, నగరాన్ని అందంగా చేయమని వీలునామాలో ఇచ్చిన సొమ్ముతో కట్టారు. టవరెక్కడం మీ ఇష్టం. లోపలి గోడల మీద 1934లో వేసిన బొమ్మలను మాత్రం చూడకుండా రావద్దు. ఆర్థికమాంద్యంలో పనిలేక ఉన్న చిత్రకారులకు ప్రభుత్వం వేతనమిచ్చి వేయించిన ఆ బొమ్మల్లో ఫ్యాక్టరీలు, పొలాలు, గ్రంథాలయం, రద్దీ కూడలి, అన్నిటా పనిచేసే జనమే. వందేళ్లు కావస్తున్నా, ఉద్యోగం కోసం ఈ ఊరికి వచ్చిన మనవంటి వాళ్లకు ఆ గోడలు పరాయివిగా అనిపించవు.

అక్కడినుంచి వాషింగ్టన్ స్క్వేర్‌లోకి దిగి, కాసేపు కూర్చుని, వలేహో వీధి పట్టుకుని రష్యన్ హిల్ ఎక్కండి. బంగారు వేట రోజుల్లో ఈ కొండ మీద రష్యన్ నావికుల సమాధులు కనబడటంతో ఆ పేరు వచ్చింది. దారిలో మెట్ల పక్కనే ఐనా కూల్‌బ్రిత్ పేరుతో ఒక చిన్న పార్కు ఉంది. 1915లో కాలిఫోర్నియా తన తొలి ఆస్థానకవిగా గౌరవించిన కవయిత్రి ఆమె. కొండకొన మీదినుంచి ఉత్తరానికి తిరిగితే మెకాండ్రే లేన్ అనే నీడపట్టు సందు వస్తుంది; దాని గుండా లెవెన్‌వర్త్ వీధిలోకి చేరండి.

ఇప్పుడు శనివారంలో నాకు బాగా ఇష్టమైన భాగం. హైడ్, లెవెన్‌వర్త్ వీధుల మధ్య ఫిల్బర్ట్ వీధి వాలు 31.5 శాతం. వంద అడుగులు ముందుకు జరిగితే ముప్పై ఒకటిన్నర అడుగులు పైకి లేచినట్టు లెక్క. నగరంలో బాగా నిటారైన వీధుల్లో అదొకటి. కాలిబాటనే మెట్లుగా మలిచారు. అది ఎక్కి హైడ్ వీధిలో రెండు వీధులు ఉత్తరానికి నడిస్తే అందరూ ఫొటోలు దిగే లాంబార్డ్ వీధి వస్తుంది. అక్కడి వాలు 27 శాతం; కార్లు దిగలేకపోతున్నాయని 1922లో ఎనిమిది మలుపులు పెట్టారు. ఒకే కొండ, అవే రెండు అడ్డవీధుల మధ్య: ఒకచోట గీత తిన్నగా దూసుకెళ్లింది, ఇంకోచోట తలవంచింది. జనమంతా లాంబార్డ్ దగ్గరే గుమికూడతారు కానీ, ఆ రెంటినీ వెంటవెంట చూసినప్పుడే ఈ ఊరి స్వభావం తెలుస్తుంది.

తరువాత కేబుల్ కారు పట్టాలను ఆనవాలుగా పట్టుకుని హైడ్ వీధిలో దక్షిణానికి వచ్చి, వాషింగ్టన్ వీధిలో తూర్పుకు తిరిగి మేసన్ వీధి మూలన ఉన్న కేబుల్ కార్ మ్యూజియానికి వెళ్లండి. ప్రవేశం ఉచితం. అది మ్యూజియం కంటే ముందు పనిచేస్తున్న యంత్రశాల. నగరంలోని కేబుల్ కార్లన్నిటినీ లాగే ఉక్కుతాళ్లు అక్కడి పెద్ద చక్రాల మీదుగా గంటకు 9.5 మైళ్ల వేగంతో తిరుగుతుంటాయి. కారులో ఇంజను లేదు. వీధి కింద పరుగెత్తే తాడును కారు నడిపే మనిషి ఒక పట్టుకర్రతో అందుకుంటాడు, ఆగవలసిన చోట వదిలేస్తాడు. ఉక్కుతాళ్లు తయారుచేసే ఆండ్రూ హాలిడీ 1873 ఆగస్టులో క్లే వీధి వాలు మీద మొదటి కారును నడిపించాడు. అప్పటిదాకా గుర్రాలు ఎక్కలేని నాబ్ హిల్ ఆ దెబ్బతో ధనవంతుల నివాసమైంది. రైల్వేలతో కోట్లు గడించిన స్టాన్‌ఫర్డ్, క్రాకర్, హాప్కిన్స్, హంటింగ్టన్ అక్కడ భవంతులు కట్టారు. పొరుగువాడొకడు స్థలం అమ్మనన్నాడని క్రాకర్ అతని ఇంటికి మూడువైపులా ఆకాశమంత కంచె కట్టించాడు. 1906 భూకంపం తరువాత వచ్చిన మంటల్లో ఆ భవంతులూ ఒకప్పుడు కంచె ఉన్న స్థలమూ ఒకేతీరుగా కాలిపోయాయి. క్రాకర్ భవంతి ఉన్నచోట ఇప్పుడు గ్రేస్ కెథడ్రల్, హంటింగ్టన్ భవంతి ఉన్నచోట పిల్లలాడుకునే పార్కు ఉన్నాయి. ఆ పార్కు బెంచీ మీద శనివారం నడక ముగుస్తుంది. దిగడానికి కాలిఫోర్నియా లైను కేబుల్ కారు ఎక్కండి. అది మిమ్మల్ని బయలుదేరిన ఫెర్రీ బిల్డింగ్ దగ్గరలోనే దింపుతుంది. నడిచింది మొత్తం ఆరేడు కిలోమీటర్లే అయినా కాళ్లు మాత్రం పదిహేనని చెబుతాయి.

ఆదివారం కాస్త పెద్ద నడక, 12 కిలోమీటర్ల దాకా ఉంటుంది. డొలోరెస్ పార్కు పైమూలన, 20వ వీధి, చర్చ్ వీధి కలిసేచోట బంగారు రంగు వేసిన అగ్నిమాపక నీటికొళాయి ఒకటుంది. 1906 ఏప్రిల్ 18 తెల్లవారుజామున 5.12కు భూమి కంపించినప్పుడు నీటిగొట్టాలు పగిలిపోయి నగరంలోని కొళాయిల్లో చాలావరకు ఎండిపోయాయి. ఇది మాత్రం పనిచేసింది. అలసిపోయిన గుర్రాలు అగ్నిమాపక యంత్రాన్ని వాలు మీదికి లాగలేకపోతే, పార్కులో తలదాచుకున్న జనమే దాన్ని తోసుకుంటూ పైకి తెచ్చారని చెబుతారు. మిషన్ ప్రాంతంలో మిగిలిన ఇళ్లు ఆ నీళ్ల వల్ల మిగిలినవే. ప్రతి ఏప్రిల్ 18న తెల్లవారకముందే దానికి కొత్తగా రంగు వేస్తారు.

అక్కడినుంచి క్యాస్ట్రో మీదుగా వల్కన్ మెట్లెక్కి కరోనా హైట్స్ చేరండి. ఎర్రగా బోడిగా ఉండే ఈ శిఖరం ఒకప్పుడు ఇటుకల ఫ్యాక్టరీ వారి రాతిగని. చేతికి తగిలే ఆ ఎర్రరాయి పేరు చెర్ట్. లోతైన సముద్రంలో కంటికి కనబడని ప్రాణుల చిప్పలు కోట్ల ఏళ్లు పేరుకుని గట్టిపడితే ఏర్పడింది. మెత్తటి రాళ్లు అరిగిపోయినా ఇది అరగలేదు కనుకనే ఈ కొండలు ఇంకా నిలిచి ఉన్నాయి. ఎదురుగా, చెట్లతో నిండిన బ్యూనా విస్టా పార్కు; 1867 నుంచి ఉన్న ఇది నగరపు పాత పార్కుల్లో ఒకటి. దారుల పక్కనున్న కాలువలను వంగి చూడండి. నగరంలోని శ్మశానాలను ఎత్తివేసినప్పుడు ఎవరూ తీసుకెళ్లని సమాధిరాళ్లను 1930లలో ముక్కలు చేసి వాటికి పరిచారు. కొన్నిటి మీద అక్షరాలు ఇప్పటికీ పైకే ఉన్నాయి. ఆ పార్కులో నిలబడినప్పుడు మీ ఎన్-జూడా రైలు మీ పాదాల కిందుగా పోతూ ఉంటుంది.

క్లేటన్ వీధి నుంచి పెంబర్టన్ ప్లేస్ మెట్లు, ఆపైన ట్యాంక్ హిల్, దానిపైన ట్విన్ పీక్స్. 922 అడుగులు. నగరంలో అన్నిటికంటే ఎత్తైనది ఇదేనని చాలామంది అనుకుంటారు. ఆ గౌరవం ఆరడుగుల తేడాతో నైరుతిలోని మౌంట్ డేవిడ్‌సన్‌ది. శిఖరం మీద గాలి మాట్లాడనివ్వదు. ఈశాన్యాన శనివారం ఎక్కిన మూడు కొండలు, కోయిట్ టవర్ తెల్లని కడ్డీలా కనబడతాయి. పడమట మీ సన్‌సెట్ పేట గళ్లనేత దుప్పటిలా సముద్రం దాకా పరచుకుని ఉంటుంది. అటువైపు దిగి, ఫారెస్ట్ హిల్ దాటి, మరొక్క కొండ, గ్రాండ్‌వ్యూ పార్కు, ఎక్కితే మీకు దిగడం తప్ప మరేమీ మిగలదు. దిగేది 16వ అవెన్యూలోని పలకల మెట్ల మీదుగా. ఇరుగుపొరుగులు పూనుకుని 2005లో పూర్తిచేయించిన ఆ 163 మెట్లలో అడుగున సముద్రం, పైన ఆకాశం వచ్చేలా పలకలు పేర్చారు. ఎక్కేవారికి సముద్రం నుంచి ఆకాశానికి, దిగేవారికి ఆకాశం నుంచి సముద్రానికి దారి. మీరు దిగండి, దిగి ఆగకుండా మొరాగా వీధిలోనే పడమటికి నడవండి. రెండు మైళ్ల లోపే అసలు సముద్రం వస్తుంది. 2025లో అక్కడి తీరపు రోడ్డు నుంచి వాహనాలను తీసేసి సన్‌సెట్ డ్యూన్స్ పార్కుగా మార్చారు. ఆ తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు ప్రమాదకరమైనవి కాబట్టి పాదాలు తడుపుకుని వెనక్కు రండి. ఇల్లు ఎటూ దగ్గరే.

ప్రశ్న: వాలు ఇంత విపరీతంగా ఉన్నచోట వీధులను మెలికలు తిప్పుకుంటూ వేయకుండా నిటారుగా ఎందుకు వేశారు? మన ఘాట్ రోడ్లు వేసినవాళ్లకున్న ఇంగితం అక్కడివారికి లేకపోయిందా?
— ఒక సివిల్ ఇంజనీరు, విశాఖపట్నం

జవాబు: ఇంగితం లేక కాదు, తొందర ఎక్కువై. 1839లో జాన్ జాక్ వియోజే ఈ చోటుకు తొలి పటం గీసినప్పుడు అది యెర్బా బ్యూనా అనే చిన్న పల్లె, తీరాన ఉన్న కాస్త చదును నేలకు చదరపు గళ్లు సరిపోయేవి. 1847లో జాస్పర్ ఓఫారెల్ ఆ గళ్లనే పొడిగించి, 120 అడుగుల వెడల్పుతో మార్కెట్ స్ట్రీట్‌ను ఏటవాలుగా గీశాడు. మరుసటి ఏడాది బంగారం బయటపడింది. జనం వరదలా వచ్చిపడుతున్న ఊళ్లో స్థలాలు కాగితం మీదే చేతులు మారతాయి, అలాంటప్పుడు చదరపు ముక్కలంత సులువుగా అమ్ముడుపోయేది మరొకటి లేదు. అలా పటం మీది గీతలు కొండలను లెక్కచేయకుండా పైకి పాకాయి. కొన్నిచోట్ల గీత పైకి చేరింది కానీ బండి చేరలేకపోయింది; కాగితం మీద వీధిగా ఉండి నేలమీద వీధి కాలేని ఆ ముక్కలే చాలావరకు ఇప్పుడు మనం నడిచే మెట్లు. ఫిల్బర్ట్ మెట్లు, వలేహో మెట్లు, వల్కన్ మెట్లు, అన్నీ ఆ కోవలోనివే. ఘాట్ రోడ్డు వేసేవాడికి కొండ దాటడమే పని. ఇక్కడివాళ్లకు స్థలం అమ్మడం పని.

ప్రశ్న: మా అమ్మాయి ఆ ఊరు విడిచి వెళ్లేముందు నన్ను కూడా నడకకు తీసుకువెళతానంటోంది. నాకు 66 ఏళ్లు. ఎక్కడం పరవాలేదు, దిగేటప్పుడే మోకాళ్లు పట్టేస్తాయి. నేను వెళ్లవచ్చా?
— ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మోకాలికి చికిత్స జరుగుతుంటే మీ వైద్యుడిని అడిగి మాత్రమే బయలుదేరండి. ఆ అవసరం లేని పక్షంలో వెళ్లవచ్చు, కానీ అమ్మాయి వేసిన దారిలో కాదు.

ఎక్కేటప్పుడు అలిసేది గుండె, ఊపిరితిత్తులు. కాసేపు నిలబడితే సర్దుకుంటాయి. దిగేటప్పుడు తొడ ముందుభాగపు కండరాలు సాగుతూనే శరీరం బరువును ఆపవలసి వస్తుంది, మోకాటి చిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది. ఆ నొప్పి అప్పటికప్పుడు పూర్తిగా బయటపడదు. మరునాడో ఆ మరునాడో మంచం దిగబోతే తెలుస్తుంది. కొండల ఊళ్లో శనివారం ఉత్సాహంగా దిగినవారు ఆదివారం బయటికి రాకపోవడానికి కారణం అదే. కాబట్టి మీ సూత్రం ఇలా ఉండాలి: నిటారుగా ఉన్నవైపు నడిచి ఎక్కండి, దిగడానికి బస్సో కేబుల్ కారో చూసుకోండి. తప్పనిసరిగా దిగవలసి వస్తే అడుగులు పొట్టిగా వేస్తూ, మోకాళ్లను బిగించకుండా, వెడల్పున్న కాలిబాట మీద కొంచెం అటూఇటూ ఏటవాలుగా నడవండి. మెట్లున్నచోట కమ్మీ పట్టుకోవడానికి మొహమాటపడకండి. చేతికర్ర ఉంటే ఇంకా మంచిది.

ఎక్కడమే వద్దనుకున్న రోజుకు ఈ నగరంలో ఒక ముచ్చటైన దారి ఉంది. సైకిళ్లవాళ్లు దాన్ని విగుల్ అంటారు. మార్కెట్ స్ట్రీట్ నుంచి గోల్డెన్ గేట్ పార్కు వైపు వెళ్లాలంటే అడ్డంగా కొండలుంటాయి. ఒకప్పుడు అక్కడ పారిన వాగు ఏ పల్లాలను వెతుక్కుందో ఆ పల్లాల వెంటే మలుపులు తిరుగుతూ ఈ దారి పోతుంది. దాని చివరనున్న పచ్చికలో మీరు ముందుగా కూర్చుని ఉండండి, అమ్మాయి కొండలు దిగి వచ్చి కలుస్తుంది.

ప్రశ్న: మేము వెళ్లేది ఆగస్టు రెండోవారంలో. ఆ నెలలో అక్కడ పొగమంచు తప్ప ఏమీ కనబడదని భయపెడుతున్నారు. ఎండాకాలంలో మంచేమిటి?
— ఒక పాఠకుడు, డాలస్

జవాబు: భయపెట్టినవారు అబద్ధం చెప్పలేదు. వేసవిలో కాలిఫోర్నియా లోపలి లోయ బాగా వేడెక్కి అక్కడి గాలి పైకి లేస్తుంది. ఆ ఖాళీలోకి పసిఫిక్ మీది చల్లని గాలి దూసుకువస్తుంది. తీరం దగ్గర సముద్రగర్భం నుంచి చన్నీళ్లు పైకి వస్తుంటాయి కనుక ఆ గాలిలోని తేమ మంచుగా మారుతుంది. దాన్ని లోపలికి రానిచ్చే పెద్ద వాకిలి గోల్డెన్ గేట్ జలసంధి. స్వచ్ఛమైన ఆకాశం కావాలనుకునేవారికి సెప్టెంబరు, అక్టోబరు నెలలు మేలు.

అయితే కొండలున్నది ఇందుకే అనిపిస్తుంది. ట్విన్ పీక్స్ వరుస మంచుకు అడ్డుగోడ. సన్‌సెట్‌లో వీధి చివర కనబడని మధ్యాహ్నం మిషన్‌లో ఎండ కాస్తూ ఉంటుంది. ఆగస్టులో నడిచేవారు దారులను ఊరి ప్రకారం కాక గంటల ప్రకారం వేసుకోవాలి. పొద్దున్నే మంచు కమ్ముకుని ఉంటే తూర్పు వైపు, డొలోరెస్, బర్నల్ హైట్స్ ప్రాంతాల్లో నడవండి. మధ్యాహ్నానికి విడిచిపెడితే శిఖరాలెక్కండి. సాయంత్రం నాలుగు దాటాక మంచు మళ్లీ పడమటినుంచి కొండల సందుల్లోకి పొర్లుకుంటూ వస్తుంది. ఒక్కోసారి మంచుపొర శిఖరానికి దిగువనే ఆగిపోతుంది. అప్పుడు ట్విన్ పీక్స్ మీద ఎండలో నిలబడి, కింద ఊరుండవలసినచోట తెల్లని సముద్రాన్ని చూడవచ్చు. పాతిక నిమిషాల నడకలో రెండు రుతువులు మారతాయి కనుక ఒక మందపాటి కోటుకు బదులు రెండు మూడు పలచని దుస్తులు ఒకదానిమీదొకటి వేసుకోండి. ఆగస్టు కదా అని చేతుల్లేని చొక్కాలతో వచ్చి, ఊరి పేరు అచ్చువేసిన ఉన్నిచొక్కాలు కొనుక్కుని తొడుక్కున్నవారిని వంతెన దగ్గర ప్రతిరోజూ చూడవచ్చు.

ప్రశ్న: నా వీడ్కోలు నడకకు పాతికమంది స్నేహితులు వస్తామంటున్నారు. అందరినీ తీసుకువెళ్లడం సబబేనా?
— ఒక పాఠకురాలు, ఓక్లండ్

జవాబు: మెట్లదారులకు నలుగురికి మించి తీసుకువెళ్లకండి. ఇక్కడి మెట్లు చాలాచోట్ల ఇద్దరు ఎదురుపడితే ఒకరు ఒదిగి నిలబడవలసినంత ఇరుకు. పైగా పక్కనున్నవి జనం కాపురముంటున్న ఇళ్లు. కిటికీ కింద పాతికమంది నవ్వుకుంటూ ఫొటోలు దిగితే లోపలివారికి అది పండగలా అనిపించదు. ఎక్కుడులో మాటలు ఎలాగూ సాగవు. దగ్గరివారు ఇద్దరు ముగ్గురితో పొద్దున నడవండి, మిగిలినవారిని మధ్యాహ్నం డొలోరెస్ పార్కు పచ్చికలోకి రమ్మనండి. నడిచి వచ్చినవారు వాలి పడుకోవడానికీ, నడవనివారు వారిని వేళాకోళం చేయడానికీ ఆ వాలు బాగా అనువుగా ఉంటుంది.

ప్రశ్న: ఇల్లు శుక్రవారమే అప్పగించాలి. సామానంతా కారులో నింపుకుని, రెండు రోజులు ఊరు తిరిగి, సోమవారం సియాటిల్ బయలుదేరుదామనుకుంటున్నాం. ఏమైనా ఇబ్బందా?
— ఒక జంట, శాన్‌ఫ్రాన్సిస్కో

జవాబు: ఉంది. ఆగివున్న కార్ల అద్దాలు పగలగొట్టి సామాను ఎత్తుకుపోవడం ఈ నగరంలో ఎన్నాళ్లుగానో ఉన్న బెడద, ముఖ్యంగా జనం చూడటానికి వచ్చే కొండల మీద. సంసారమంతా వెనక సీట్లో కనబడుతున్న కారును ట్విన్ పీక్స్ దగ్గర ఆపి నడకకు వెళ్లడం కంటే, ఆ రెండు రోజులకు సామాను స్నేహితుల గదిలో పెట్టి, కారును కాపలా ఉన్న గ్యారేజీలో వదిలి, మ్యూని అనే నగర రవాణా సంస్థ బస్సుల్లో తిరగడం మేలు. నడక దారులన్నీ ఒకచోట మొదలై మరోచోట ముగిసేవే కాబట్టి కారు ఉన్నా దానివల్ల ప్రయోజనం లేదు. పాస్‌పోర్టులు, నగలు, సర్టిఫికెట్లు ఒక్క పది నిమిషాలకైనా కారులో ఉంచకండి.

ఎప్పుడైనా వాలులో ఆపవలసి వస్తే చేతిబ్రేకు వేసి, కారు ముఖం దిగుడువైపు ఉంటే ముందుచక్రాలను కాలిబాట అంచువైపుకు, ఎక్కుడువైపు ఉంటే దానికి ఎడంగా రోడ్డువైపుకు తిప్పి ఉంచండి. 3 శాతం మించిన వాలులో అలా తిప్పకపోతే ఇక్కడ జరిమానా వేస్తారు. సోమవారం వెళ్లిపోతున్నామని చెప్పినా వదలరు.